మూడో తరగతికొచ్చినా చదవడం రావట్లేదు, ట్యూషన్ మారిస్తే సరిపోతుందా?

కడియం_అమ్మ

అందరికీ నమస్తే. మా బాబుకి ఎనిమిదేళ్లు నిండాయి, మూడో తరగతి, ప్రైవేట్ స్కూల్, ఇంగ్లీష్ మీడియం. మాటల్లో మహా చురుకు. కొట్టుకి పంపితే చిల్లర పైసా తేడా రాదు, క్రికెట్ మ్యాచ్ అయ్యాక ఎవరు ఎన్ని కొట్టారో వరసగా అప్పజెప్పేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం వేరే పిల్లాడైపోతాడు. తెలుగులో గుణింతాలు దాటలేదు, ఒత్తు కనిపిస్తే అక్కడే ఆగిపోతాడు, ఇంగ్లీషులో మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి ఏదో ఒకటి అనేస్తాడు. యూకేజీ నుంచీ మిస్సులకి చెప్తూనే ఉన్నా, "పెద్దయితే అదే వస్తుంది మేడమ్, మగపిల్లలు కాస్త లేటు" అన్నారు. ఇప్పుడు అదే స్కూలువాళ్లు పిలిచి, ఏకాగ్రత లేదు, ఇంట్లో పట్టించుకోవట్లేదు, ఇలాగే ఉంటే వచ్చే ఏడాది మళ్లీ మూడులోనే కూర్చోబెడతాం, లేదంటే టీసీ తీసుకోండి అంటున్నారు. ట్యూషన్లు ఇప్పటికే మార్చి చూశాం. మా అత్తగారు ఫోన్ వల్ల అంటారు, మా ఆయన నా గారాబం వల్ల అంటారు. ఇది డాక్టర్‌కి చూపించాల్సిన విషయమా, కాదా? స్కూలు పేరు మాత్రం అడక్కండి ప్లీజ్.

బెత్తం_బాబాయ్

మా రోజుల్లో ఈ ఏకాగ్రతలూ టెస్టులూ ఏమీ లేవమ్మా. ఎక్కం రాకపోతే గోడకుర్చీ, తెల్లారేసరికి వచ్చేసేది. ఫోన్ లాగేసి పొద్దున్నే లేపి కూర్చోబెట్టండి, దారికొస్తాడు.

రెండో_బెంచీ

బాబాయ్ గారూ, గోడకుర్చీ వేసినా రానివాళ్లు ఏమయ్యారో కూడా చెప్పండి మరి. మా క్లాసులో అలాంటివాళ్లు ఐదులోనే బడి మానేసి లారీ క్లీనర్లుగా పోయారు, లెక్కలోంచే పోయారు కాబట్టి మిగిలినవాళ్లందరికీ చదువు వచ్చినట్టు మీకు గుర్తుంది. పైగా పిల్లల్ని కొట్టడం, అవమానించడం రెండూ విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద నిషేధం.

పాలమూరు_ఎస్జీటీ

అక్కా, నేను సర్కారు బడిలో ఒకటి నుంచి ఐదు వరకు చెప్తాను. డాక్టర్ సంగతి తర్వాత, ముందు బాబు ఎక్కడ ఆగాడో మీరే ఇంట్లో చూడండి, పావుగంట పని. అసర్ సర్వే వాళ్లు ఊళ్లలో పిల్లలకి పెట్టే పద్ధతే: కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. ఏ మెట్టు దగ్గర తడబడితే అదే వాడి స్థాయి, వాడి చేతిలో ఉన్న మూడో తరగతి పుస్తకం కాదు.

ఇంకొకటి చూడండి. గుణింతం వరసలో చెప్తున్నాడా, మధ్యలోంచి చూపించినా చెప్తున్నాడా? మా దగ్గర చాలామంది "క కా కి కీ" అని పాటలాగా ఆపకుండా పాడేస్తారు, "కీ" ఒక్కటి వేలు పెట్టి చూపిస్తే మళ్లీ "క" నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా వస్తారు. అంటే కంఠతా వచ్చింది గానీ గుర్తుపట్టడం రాలేదు. పాట విని టీచర్లం మనమే మోసపోతాం.

టీసీ బెదిరింపుకి భయపడొద్దు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లాడినీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో సవరించి రాష్ట్రాలకి ఆపే వీలిచ్చింది ఐదు, ఎనిమిది తరగతుల్లోనే, అదీ మళ్లీ పరీక్ష పెట్టాక. మూడులో ఆపే హక్కు వాళ్లకి లేదు, ప్రైవేట్ అయినా సరే.

భవిత_టీచర్

నేను మండలంలో భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రంలో, పనిచేసే రిసోర్స్ పర్సన్‌ని. మేడమ్, మీరు రాసింది చదివితే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం దగ్గర వచ్చే ఇబ్బంది, అయ్యుండొచ్చు అనిపిస్తుంది, కానీ నాలుగు లైన్లు చదివి అదేనని చెప్పేవాళ్లని నమ్మొద్దు, నన్ను కూడా. వేరే కారణాలు ఒక్కొక్కటే వరసగా తోసేసుకుంటూ రావాలి.

మొదట కళ్లు, తర్వాత చెవులు. చెవిలో చీము కారి తగ్గి మళ్లీ కారే పిల్లలకి వినికిడి కొంచెం తగ్గుతుంది, ఇంట్లో ఎవరూ గమనించరు, "ద" కి "ధ" కి, "ప" కి "బ" కి తేడా మాత్రం వాళ్లకి అందదు. సర్కారు బడులకి, అంగన్‌వాడీలకి ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్య పరీక్షల వ్యాన్ వస్తుంది, 2013 నుంచి ఉన్న కార్యక్రమమే, బడికి ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు. చూపు, వినికిడి, ఎదుగుదలలో ఆలస్యం అన్నీ చూసి, అవసరమైతే జిల్లాలో ఇలాంటి పిల్లల్ని చూసే డీఈఐసీ కేంద్రానికి పంపుతారు. ప్రైవేట్ స్కూళ్లకి ఆ వ్యాన్ రాదు, కాబట్టి ఫీజు కట్టే పిల్లలే ఈ స్క్రీనింగ్ లేకుండా మిగిలిపోతున్నారు, ఇది చాలామందికి తెలీదు. మీరు పిల్లల డాక్టర్‌తో చీటీ రాయించుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లండి.

అవి బాగున్నాయనుకోండి, రెండో ప్రశ్న: బడికి ఎన్నాళ్లు మానేశాడు, ఎన్ని స్కూళ్లు మారాడు, అసలు ఎవరైనా దగ్గర కూర్చుని నేర్పారా? నేర్పకపోతే రాకపోవడం జబ్బు కాదు కదా. అదీ సరిగ్గానే ఉంటే అప్పుడు క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి. ముందు ఐక్యూ చూస్తారు, ఆ తర్వాత చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా.

ఇంట్లో ఒక ఆట ఆడి చూడండి, పుస్తకం అక్కర్లేదు. "పలక" లో మొదటిది తీసేస్తే ఏముంటుంది అని అడగండి, "లక" అనాలి. "కమల" లో చివరిది తీసేస్తే? ఎనిమిదేళ్ల పిల్లాడు ఈపాటికి ఆలోచించకుండా చెప్పేయాలి. మాటని ముక్కలుగా వినడం రాని పిల్లాడికి గుణింతం పది పేజీలు రాయించినా చెయ్యి నొప్పి తప్ప ఇంకేం రాదు.

కడియం_అమ్మ

ఇప్పుడే అడిగాను. "పలక" అంటే "పల" అన్నాడు, ఇంకోసారి అడిగితే నవ్వి పారిపోయాడు. గుణింతం పాలమూరు సార్ చెప్పినట్టే, మొదటి నుంచి పాడుకుంటూ వస్తున్నాడు.

కార్పొరేట్_మిస్సు

ఇక్కడ మమ్మల్ని తిట్టుకునేముందు మా వైపు కూడా వినండి. ప్రైవేట్‌లో చెప్తాను, క్లాసులో నలభై పైనే ఉంటారు, నెలాఖరుకి పోర్షన్ అవ్వాలి, అవ్వకపోతే ఇంచార్జ్ అడుగుతారు, పేరెంట్స్ వాట్సాప్‌లో "పక్క సెక్షన్‌లో అయిపోయిందట కదా" అని పెడతారు. రాని పిల్లాడి పక్కన పది నిమిషాలు కూర్చుంటే మిగతా అందరూ లేస్తారు. వాడికి రావట్లేదని రెండో తరగతిలోనే నాకు తెలుసు, చెప్తే మా పిల్లాడిని డల్ అంటారా అని తల్లిదండ్రులే గొడవకొస్తారు, మేనేజ్‌మెంట్ అడ్మిషన్ పోతుందని చెప్పొద్దంటుంది. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ అమ్ముకునేచోట రెండో తరగతిలో ఒత్తులు రాని పిల్లాడికి పీరియడ్ ఎవరిస్తారు.

రెండో_బెంచీ

మేడమ్, నిజం చెప్పినందుకు థాంక్స్. కానీ ఆ పీరియడ్ ఇవ్వడం దయ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కూడా సెక్షన్ 16 ఉంది, విచిత్రంగా అదే నంబర్, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా చదువులో ఇలాంటి ఇబ్బందుల్ని వీలైనంత తొందరగా గుర్తించి తగినట్టు బోధించేలా చూడాలని. గుర్తింపు పత్రం ఫ్రేమ్ కట్టించి ఆఫీసు గదిలో వేలాడదీస్తారు కదా, దానితో పాటు వచ్చిన బాధ్యతే ఇది.

తిరుపతి_లెక్కలు

అసలు సమస్య ఫెయిల్ చేయకపోవడం. అందరినీ పైకి తోసేస్తే ఎవడు చదువుతాడు? భయం ఉండాలి. కేంద్రం కూడా 2024 డిసెంబర్‌లో ఐదు, ఎనిమిదిలో ఫెయిల్ చేయొచ్చని తన స్కూళ్లకి రూల్ మార్చింది, తెలిసే మార్చింది.

పాలమూరు_ఎస్జీటీ

సార్, ఆ రూల్‌లో కూడా రెండు నెలల్లో మళ్లీ పరీక్ష, ఆ మధ్యలో ప్రత్యేకంగా చెప్పాలి అని ఉంది, అందరూ ఆ సగం వదిలేస్తారు. అయినా ఐదో తరగతిలో తెలుసుకోవడమేంటి? ఒకటో తరగతి చివరికే నాకు తెలిసిపోతుంది ఎవరు ఆగిపోయారో. ఆగినవాడిని మళ్లీ అదే క్లాసులో, అదే పుస్తకంతో, అదే పద్ధతిలో, ఈసారి తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే కొత్తగా ఏం వస్తుంది?

మన దగ్గర హడావుడి అంతా పదో తరగతికే. పొద్దున స్పెషల్ క్లాస్, సాయంత్రం స్పెషల్ క్లాస్, స్నాక్స్, వెనకబడినవాళ్లని టీచర్లకి దత్తత ఇవ్వడం, కలెక్టర్ రివ్యూ. పేరా చదవలేని పిల్లాడికి జనవరిలో ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించి 35 మార్కులు తెప్పిస్తాం, పర్సంటేజీ పేపర్లో వస్తుంది. ఆ కష్టంలో నాలుగో వంతు రెండో తరగతిలో పెట్టి ఉంటే ఈ స్పెషల్ క్లాసుల అవసరం సగం మందికి ఉండేది కాదు, ఇది నా మాట, కొట్టిపారేయండి ఎవరైనా.

తిరుపతి_లెక్కలు

కొట్టిపారేయను గానీ, మరి మీ తెలంగాణలో తొలిమెట్టు అని పెట్టారు కదా, ఏమైంది?

పాలమూరు_ఎస్జీటీ

2022 ఆగస్టులో మొదలైంది సార్. ఆలోచన మంచిదే, తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పమన్నారు. నేను నిజంగా చేసిన రోజుల్లో ఫలితం కనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఇద్దరు టీచర్లం ఐదు తరగతులు, ఒకరు మీటింగ్‌కి పోతే ఒక్కరం. బేస్‌లైన్, మిడ్‌లైన్ పరీక్షలు, యాప్‌లో ఎంట్రీ, రిజిస్టర్, ఇవన్నీ అయ్యాక మిగిలిన టైంలో బోధన.

లైబ్రరీ_పురుగు

దీనిమీద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక పరిశోధన జరిగింది, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు, 2010లో అచ్చయింది. వంద పల్లె బడుల్లో పిల్లలకి పరీక్ష పెట్టి, ఎవరికి ఏం రావట్లేదో వివరంగా రిపోర్ట్ రాసి, ఎలా వాడుకోవాలో సూచనలతో టీచర్లకి ఇచ్చారు. చూడ్డానికి వచ్చినప్పుడు ఆ టీచర్లు బాగానే పనిచేస్తూ కనిపించారట. ఏడాది చివర పిల్లల మార్కులు చూస్తే రిపోర్ట్ ఇవ్వని బడులకీ వీటికీ తేడా లేదు. థర్మామీటర్ పెట్టి జ్వరం ఉందని రాసుకుని ఇంటికి పంపినట్టు.

దానికి పక్కన వడోదర, ముంబయిల్లో ప్రథమ్ సంస్థ చేసిన బాలసఖి పెట్టి చూడండి. అక్కడ రిపోర్ట్ కాదు, మనిషిని ఇచ్చారు. చదువుకున్న స్థానిక అమ్మాయి, మూడు నాలుగు తరగతుల్లో బాగా వెనకబడిన పదిహేను ఇరవై మందిని రోజూ రెండు గంటలు వేరే కూర్చోబెట్టుకుని మొదటి మెట్టు నుంచి చెప్పింది. మార్కులు పెరిగాయి, ఎక్కువగా పెరిగింది అట్టడుగున ఉన్న పిల్లలకే. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్లే దాన్ని కొలిచింది. కాబట్టి పాలమూరు సార్‌కి కావాల్సింది ఇంకో యాప్ కాదు, ఇంకో మనిషి.

దేశం మొత్తమ్మీద పల్లెల్లోని సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం, అసర్ లెక్క. పెరిగిందని సంతోషించాలి, నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారని కూడా చూడాలి. అంతమందికి డిస్లెక్సియా ఉండదు కదా.

ఉట్నూరు_దారి

ఆ చివరి వాక్యం నిజమే, కానీ భాష సంగతి ఎవరూ ఎత్తలేదని నా అభ్యంతరం ఉంది అందరితో. మా గూడేల్లో పిల్లాడు ఇంట్లో గోండి మాట్లాడతాడు, బడికొస్తే టీచర్ తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్ ఒక పేజీ తెలుగు. ఒకటో తరగతిలో ఆరు నెలలు నోరు విప్పడు, టీచర్ రిజిస్టర్లో "మందకొడి" అని రాస్తాడు. వాడు మేకల్ని అడవిలోంచి ఒక్కటి తప్పకుండా తోలుకొచ్చేవాడు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కొలామి, కోయ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఎనిమిది భాషల్లో ప్రాథమిక పుస్తకాలు తెచ్చారు, తెలుగు లిపిలోనే. పిల్లలు బడిలో మాట్లాడారు ఆ రోజుల్లో. తర్వాత వాటి పట్టింపు తగ్గింది, అందరికీ ఇంగ్లీష్ మీడియం గొడవ ఎక్కువైంది. వెనకబడిన పిల్లాడు అనేముందు వాడికి అర్థమయ్యే భాషలో ఎవరైనా అడిగారా అని అడగండి చాలు.

భవిత_టీచర్

ఉట్నూరు అన్నా, వంద శాతం. మా దగ్గరికి పంపే లిస్టుల్లో సగం అలాంటివే, వలస కూలీల పిల్లలవి కూడా.

డాలస్_కాకినాడ

మా అమ్మాయికి ఇక్కడ మొదటి తరగతిలోనే పట్టుకున్నారు. మేము అడగలేదు, స్కూలే లెటర్ పంపింది, ఏడాదిలో మూడుసార్లు చిన్న రీడింగ్ టెస్ట్ పెడతారు, అందులో తక్కువ వస్తే ముందు చిన్న గ్రూపులో రోజూ అరగంట చెప్తారు, అప్పటికీ రాకపోతే పూర్తి పరీక్ష. 1975 నుంచి ఉన్న ఫెడరల్ చట్టం, మా అనుమతి సంతకం అయ్యాక గడువులోగా తేల్చాలి, తేలితే ఐఈపీ అని ఆ పిల్లకి ఏం చెప్తారు, వారానికి ఎన్ని నిమిషాలు, ఎవరు, అన్నీ రాసి మాతో సంతకం పెట్టిస్తారు. అంతా స్వర్గమని కాదు, మీటింగుల్లో పోట్లాడాల్సి వస్తుంది, డబ్బున్న డిస్ట్రిక్ట్‌కీ లేనిదానికీ చాలా తేడా. ఇక్కడి తెలుగువాళ్లలో కూడా ఇది దాచుకునే విషయమే, స్పెల్లింగ్ బీ పిల్లల మధ్య మా అమ్మాయి సంగతి చెప్తే గది నిశ్శబ్దం.

కార్పొరేట్_మిస్సు

అరగంట, చిన్న గ్రూపు, వేరే టీచర్. మాకు బాత్రూంకి వెళ్లే టైం ఇస్తే చాలండీ.

స్పానర్_శీను

నేను రాయడం తక్కువ, వాయిస్ టైపింగ్‌లో పెడుతున్నా తప్పులుంటే సర్దుకోండి. పదో తరగతి రెండుసార్లు పోయింది, తర్వాత ఐటీఐ, ఇప్పుడు సొంత షెడ్డు ఉంది, ఏ బండైనా సౌండ్ విని చెప్తా. ఇప్పటికీ చలాన్ చదవాలంటే మా ఆవిడకి ఇస్తా. ఆ అక్కకి ఒకటే చెప్పాలి, బాబుని క్లాసులో నిలబెట్టి గట్టిగా చదివించొద్దని మిస్సులకి చెప్పండి. నేను బడి ఎగ్గొట్టింది చదువు రాక కాదు, తెలుగు పీరియడ్‌లో నా వంతు వస్తుందని.

కడియం_అమ్మ

శీను గారూ, మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ శనివారం కళ్ల డాక్టర్ దగ్గరికి ఆయనే తీసుకెళ్లారు. చూపు బాగుంది. చెవి పరీక్ష కూడా మామూలుగానే ఉంది. సైకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ వచ్చే నెల. స్కూల్లో విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రింట్ తీసి చూపిస్తే టీసీ మాట వదిలేశారు, కానీ "సర్టిఫికెట్ తెస్తేనే ఏమైనా చేస్తాం" అంటున్నారు. మా ఆయన అక్కడ ఆగిపోయారు, వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో నా కొడుకుని నిలబెట్టి వికలాంగుడని రాయించుకురావాలా అని. ఏం చెప్పాలో తెలీట్లేదు.

బెత్తం_బాబాయ్

ఆయన బాధలో అర్థముందమ్మా. ఆ ముద్ర పడితే రేపు పెళ్లిదాకా వస్తుంది.

భవిత_టీచర్

సార్, ఇప్పుడు "మొద్దు" అన్న ముద్ర ఆల్రెడీ పడింది కదా, అది ఏ ఆఫీసులో రద్దు చేయించుకోవాలి?

మేడమ్, సర్టిఫికెట్ వేరు, సాయం వేరు, స్కూలు ఆ రెండూ కావాలనే కలుపుతోంది. ఎనిమిదేళ్లు దాటాకే ఈ సర్టిఫికెట్ ఇస్తారు, మళ్లీ పద్నాలుగేళ్లకి, పద్దెనిమిదేళ్లకి చూస్తారు. దాని ఉపయోగం ముఖ్యంగా బోర్డ్ పరీక్షల్లో, అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, అలాంటివాటికి. మీకు ఇష్టం లేకపోతే ఇంకొన్నాళ్లు ఆగొచ్చు. కానీ నేర్పడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, సైకాలజిస్ట్ దాకా ఆగాల్సిన పని కూడా లేదు, రేపే మొదలుపెట్టండి. వర్ణమాల మొత్తం కాదు, నాలుగైదు అక్షరాలే: గ, ల, ర, ప, డ. వాటితో వెంటనే పదాలు, "పలక", "గడప" లాంటివి వస్తాయి కదా, "క" ఒకటి కలుపుకోండి. చూడ్డానికి ఒకేలా ఉండే ప, వ, మ, ష ఒకే వారంలో ఇవ్వొద్దు, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి. అక్షరం పలుకుతూ బియ్యంలో వేలితో రాయించండి. రోజూ ఇరవై నిమిషాలు, అంతే, ఏడిస్తే ఆపేయండి. ముందు తెలుగు గట్టిపడనివ్వండి, ఇంగ్లీష్ రీడింగ్ తర్వాత చూసుకుందాం. సైన్స్, సోషల్ పాఠాలు మీరు చదివి వినిపించండి, వాడి తెలివి అక్షరాల కోసం ఆగకూడదు.

ఇంకో హెచ్చరిక. వేలిముద్రలు తీసి తెలివి చెప్తామనేవాళ్లు, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అనేవాళ్లు, మూడు నెలల్లో నయం చేస్తామనేవాళ్లు తగులుతారు, డబ్బు పోసుకోవద్దు. స్పెషల్ ఎడ్యుకేటర్ అయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, మొహమాటపడకుండా అడగండి.

లైబ్రరీ_పురుగు

హైదరాబాద్ వైపు ఎవరికైనా పనికొస్తుందని, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆరేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల ఆలస్యం అనుమానం ఉంటే అక్కడ ప్రత్యేక కేంద్రం ఉంది, బడి దాకా ఆగకుండా అప్పుడే వెళ్లాలి.

కార్పొరేట్_మిస్సు

భవిత మేడమ్, ఆ అక్షరాల వరస మొత్తం ఒకచోట రాసి పెడతారా? సెకండ్ క్లాసులో ముగ్గురున్నారు నాకు, లంచ్ తర్వాత డ్రాయింగ్ పీరియడ్ ఖాళీగానే పోతుంది, ఇంచార్జ్‌కి చెప్పకుండా మొదలుపెడతా.

భవిత_టీచర్

ఆదివారం పెడతాను. ముగ్గురినీ ఒకే స్థాయి అనుకోకండి, ముందు విడివిడిగా చూడండి.

నెల్లూరు_నాన్న

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా పాపకి ఆరో తరగతి, అచ్చం ఇవే లక్షణాలు. లేటైపోయిందా? నెల్లూరు దగ్గర్లో ఎవరైనా ఉంటే నంబర్ పెట్టండి ప్లీజ్.

భవిత_టీచర్

లేటే, కానీ నేర్చుకోలేనంత లేటు కాదు సార్. నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. మీ మండల వనరుల కేంద్రానికి (ఎమ్మార్సీ) వెళ్లి భవిత కేంద్రం ఎక్కడుంది, రిసోర్స్ పర్సన్ ఏ రోజుల్లో ఉంటారు అని అడగండి, ప్రైవేట్ స్కూల్ పాప అయినా అడగండి. వెళ్లేటప్పుడు పాప తెలుగు, ఇంగ్లీష్ నోటుబుక్కులు, గత రెండేళ్లవి కూడా దొరికితే పట్టుకెళ్లండి, ఫెయిర్ చేసినవి కాదు, రఫ్‌వి.